మాజీ మేయరును ఉంచాలా, తొలగించాలా

మునిసిపల్ ఆఫీసుకు ఎదురుగా, మందుల షాపుకూ చెప్పుల షాపుకూ నడుమ ఇరుక్కుని ఒక కళ్ళద్దాల షాపు ఉంది. లోపలికి ఒకరు వెళ్ళాలంటే బయటికి ఒకరు రావాలి, అంత ఇరుకు. ఆ షాపు నడిపే ఆవిడను చిన్నా పెద్దా అందరూ అద్దాలక్కయ్య అంటారు. ఆవిడకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కయ్యా అనే పిలుస్తారు. పిలవరూ మరి! గడ్డం పట్టుకుని తల పైకెత్తి, "కదలొద్దన్నానా!" అని కసిరి మరీ ముక్కు కొలత తీసుకునే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

షాపు ఆవిడ తండ్రిది. లెన్సును సానరాయి మీద అరగదీయడం, ఫ్రేములో బిగించడం, బిగించాక కిటికీ వైపు పట్టుకుని ఒక కన్ను మూసి చూడడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు మిషన్లు వచ్చాయి. అయినా ఆవిడ అంచులను చివరిసారి తన చేత్తో రాయి మీద నునుపు చేస్తే తప్ప ఏ జోడూ గడప దాటదు.

మొగుడు కూడా ఆ షాపులోనే దొరికాడు. ఒకరోజు ఒక కుర్రాడు వచ్చి కళ్ళు చూడమన్నాడు. చూసింది. గోడ మీది అక్షరాల పటంలో అట్టడుగు వరుస కూడా గడగడా చదివేశాడు. "మీకు అద్దాలు అక్కర్లేదండీ, కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అంది. "అది కాదండీ, అద్దాలుంటే మనిషి కాస్త పెద్దమనిషిలా కనిపిస్తాడు కదా, ఉత్త గాజుతోనే ఇవ్వండి" అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. ఏడాది తిరిగేలోపు పెళ్ళయింది. ఆ ఉత్త గాజు జోడు మాత్రం ఇప్పటికీ ఆయన ముక్కు మీదే ఉంది.

పెద్దమనిషిలా కనిపించేవాడికి పదవి రాకుండా ఉంటుందా? కౌన్సిలర్ అయ్యాడు. తర్వాత ఒకసారి కౌన్సిల్లో రెండు వర్గాలు మేయరు కుర్చీ కోసం జుట్లు పట్టుకున్నాయి. మా వాడంటే మా వాడని ఎవరూ తగ్గలేదు. చివరికి ఎవరో విసుగెత్తి, "ఆ కళ్ళద్దాలాయన్ని కూర్చోబెట్టండి, ఎవరికీ అడ్డం రాడు" అన్నారు. అలా అయిదేళ్ళు మేయరు అయ్యాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళుగా మాజీ మేయరు. మాజీ అనే పదవికి కాలపరిమితి లేదు కనుక దాన్ని ఆయన మరింత శ్రద్ధగా నిర్వహిస్తున్నాడు. ఊళ్ళో ఆయన్ని మాజీ గారనే పిలుస్తారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చేసిన పనులు లేకపోలేదు. వీధి లైట్లు వేయించాడు, మార్కెట్టుకు రేకుల కప్పు వేయించాడు, బస్టాండు దగ్గర పబ్లిక్ టాయిలెట్ కట్టించాడు. అయితే పని పది పాళ్ళయితే ప్రారంభోత్సవం తొంభై పాళ్ళు. రిబ్బను కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి దానంతటదే కత్తెర కోసం తడుముకునేది. ఆ అయిదేళ్ళూ, ఆ తర్వాత పన్నెండేళ్ళూ షాపు మాత్రం అద్దాలక్కయ్యే నడిపింది.

అసలు గొడవ కారిడారుకు సున్నం వేయడంతో మొదలైంది. మునిసిపల్ ఆఫీసు కారిడార్లో ఇప్పటిదాకా పనిచేసిన మేయర్ల ఫొటోలు వరుసగా ఉండేవి. సున్నం వేసేటప్పుడు దించారు. వేశాక మళ్ళీ తగిలించడం ఎవరికీ గుర్తు రాలేదు. అన్నీ రికార్డు రూము బీరువా వెనక గోడకు మొహం పెట్టి నిలబడ్డాయి. మాజీ గారు వెళ్ళి చూసొచ్చి ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ వారంలోనే ఆయన దృష్టి ఇంటర్నెట్లో ఉండే విజ్ఞాన సర్వస్వం మీద పడింది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, లోకమంతా చూస్తుంది.

"గోడ మీంచైతే దించేస్తారు. దీంట్లోంచి ఎవడు దించుతాడో చూస్తాను!" అన్నాడు.

పైగా ఆయన తర్వాత మేయరు అయినాయన, ప్రతి మాటకూ చేతి గడియారం చూసుకుంటాడని ఊళ్ళోవాళ్ళు 'గడియారం' అని పేరు పెట్టినాయన, అందులో అప్పటికే ఫొటోతో సహా వెలిగిపోతున్నాడు. ఇంకేముంది! మాజీ గారు 'నగరాభిమాని' అనే పేరుతో ఒక ఖాతా తెరిచి, తన గురించి తానే రాయడం మొదలుపెట్టాడు. బాల్యం, తొలి అడుగులు, ప్రజాసేవ, దార్శనికత, ప్రారంభోత్సవాలు. ఊరి గురించిన వ్యాసం ఆరు పేరాలు ఉంటే, ఊరి మాజీ మేయరు గురించిన వ్యాసం చదవడానికి మధ్యలో ఒకసారి లేచి మంచినీళ్ళు తాగి రావాల్సినంత ఉంది. చివర్లో 'వ్యక్తిగత జీవితం' అని ఒక భాగం. అందులో ఒకే ఒక్క మాట: వివాహితుడు.

"ఇంతేనా?" అని అడిగింది అద్దాలక్కయ్య.

"ఇంకేం రాయమంటావు? అందులో ప్రతిదానికీ ఆధారం చూపించాలి. మన గురించి ఏ పేపర్లో వచ్చింది గనక?"

అది విని ఆవిడకు ఒళ్ళు మండింది. కానీ అప్పటికి ఊరుకుంది.

ఊరుకోవడానికి వీల్లేని సంగతి ఇంకొకటి ఉంది. ఆవిడ కుడి కన్ను మసకబారుతోంది. మొదట్లో లెన్సు మీద మరక అనుకుని తుడిచింది. తర్వాత కిటికీ అద్దం మురికి అనుకుని తుడిచింది. తుడవాల్సింది తన కన్నేనని తెలిశాక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "శుక్లం బాగా ముదిరిందమ్మా. ఎడమ కంట్లో కూడా మొదలైంది కానీ దానికి ఇంకా టైముంది. ముందు కుడిది తీయించేసుకోండి. తోడు ఒకరిని తెచ్చుకోండి. ఆ తర్వాత నెల రోజులు ఆ సానరాయి దగ్గర కూర్చోకూడదు, షాపు ఎవరికైనా అప్పజెప్పండి" అన్నాడు డాక్టరు.

ఎవరికైనా అంటే ఎవరికి? చెల్లెలు వస్తానంది. పక్క మందుల షాపావిడ నేనున్నాను అక్కయ్యా అంది. అద్దాలక్కయ్య వద్దంది. మొగుడు నిక్షేపంలా ఉండగా పరాయివాళ్ళ చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లు ఎందుకెక్కాలి? ఎక్కితే ఆయన చెయ్యే పట్టుకుని ఎక్కుతాను, లేకపోతే ఎక్కను. అదీ ఆవిడ పంతం. మంచి పంతమా, చెడ్డ పంతమా అంటే నేను చెప్పలేను గానీ, ఆ పంతానికి అర్థం లేకపోలేదు.

డాక్టరు ఆపరేషన్‌కు ఇచ్చిన మొదటి తేదీకి మాజీ గారు, "ఈ వ్యాసం పని ఒక కొలిక్కి రానీ" అన్నాడు. రెండో తేదీ నాడు ఆవిడ రెండు చీరలూ ఒక తువ్వాలూ సంచీలో పెట్టుకుని, షాపు తలుపు సగం వేసి, స్టూలు మీద కూర్చుని ఎదురుచూసింది. ఆయన రాలేదు. ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. పెద్ద నగరానికి వెళ్ళి పేపరాఫీసులో పాత పేపర్లన్నీ తిరగేసి వచ్చాడట.

"దొరికింది! మార్కెట్ కప్పు గురించి! నాలుగో పేజీ, కింద మూల!" అన్నాడు. అప్పుడు సంచీ కనిపించింది. "అదేంటి, సంచీ పట్టుకుని కూర్చున్నావు, ఎక్కడికైనా వెళ్తున్నావా?"

ఆవిడ సంచీలోంచి తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంది.

మర్నాడు బస్సు డ్రైవరు వచ్చాడు. ముందు వారం ఆవిడ దగ్గరే జోడు చేయించుకున్నవాడు. "అక్కయ్యా, ఏమనుకోకు. ఇది పెట్టుకుంటే రోడ్డు వంకరగా కనిపిస్తోంది. తల తిరిగిపోతోంది" అన్నాడు. ఆవిడ జోడు తీసుకుని చూసింది. కుడి వైపు పెట్టాల్సిన లెన్సు ఎడమ వైపు, ఎడమది కుడి వైపు బిగించి ఉంది. తండ్రి పోయిన తర్వాత ఇన్నేళ్ళలో ఇలాంటి పొరపాటు ఒక్కటి చేయలేదు. అదీ ఎవరికి? బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని తిరిగేవాడికి!

"ఇది పెట్టుకుని బండి తోలావా?" అంది.

"లేదక్కయ్యా, పాతవే పెట్టుకున్నా."

ఆవిడ గుండె అప్పుడు గానీ కుదుటపడలేదు. లెన్సులు సరిచేసి ఇచ్చి పంపింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిజంగా భయం వేసింది. భయం వెనకాలే కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక షాపు కంప్యూటర్ తెరిచి, ఎడమ కన్నుతో ఆ విజ్ఞాన సర్వస్వం నియమాలన్నీ చదివింది. ఎవరైనా రాయొచ్చంటే, ఎవరైనా తీసేయమని కూడా అడగొచ్చు. చిన్న ఊళ్ళ మేయర్లకు పదవి ఉన్నంత మాత్రాన వ్యాసం ఉండాలనేం లేదు. బయటివాళ్ళు, సంబంధం లేనివాళ్ళు, తమంతట తాము ఆ మనిషి గురించి విపులంగా రాసి ఉండాలి. సొంత డబ్బా చెల్లదు. అంతవరకూ చదివేసరికి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

ఖాతా తెరవాలంటే పేరు అడిగింది. ఒక్క క్షణం ఆలోచించి 'కుడికన్ను' అని కొట్టింది. కారణం దగ్గర ఇలా రాసింది: 'ఈయన ఒక చిన్న ఊరికి ఒకసారి మేయరుగా చేశారు. చూపించిన ఆధారాలన్నీ ఆయనే రాసి పేపర్లకు పంపిన ప్రకటనలు. ఈయనకు విడిగా వ్యాసం అక్కర్లేదు. తొలగించగలరు.' బటన్ నొక్కింది. నొక్కాక, ఆఫీసులో అర్జీ పెట్టి మొగుణ్ణి తీసేయమన్న ఆడది తను కాక ఇంకెవరైనా ఉన్నారా అనిపించింది.

తెల్లారి ఇంట్లో పిడుగు పడింది.

"నా వ్యాసం నెత్తిన ఎర్ర పట్టీ కట్టారు! తొలగింపుకు ప్రతిపాదన అట! వారం రోజులు చర్చ అట! ఎవడో కుడికన్ను అట!" మాజీ గారు గది ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు. "ఇది ఆ గడియారం పనే. వాడి మనిషే వీడు."

"కాఫీ చల్లారిపోతోంది" అంది అద్దాలక్కయ్య.

"కాఫీ గొడవ కాదే! ఈ కుడికన్ను ఎవడై ఉంటాడంటావు?"

"ఎవరో కంటి బాధ ఉన్నవాళ్ళు అయ్యుంటారు."

"కంటి బాధ కాదు. నా పేరు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునే బాధ!"

ఆవిడ కుడి కన్ను చెమ్మగిల్లింది. అది శుక్లం వల్లో, నవ్వు వల్లో, ఏడుపు వల్లో ఆవిడకే తెలియలేదు. ఆయన చూడనైనా లేదు.

చర్చ పేజీ తెరిచి చూశాడు. 'ఉంచాలి', 'తొలగించాలి' అని రెండు మాటలు కనిపించాయి. అంతే, ఆయన వెన్ను నిటారుగా అయింది. ఓట్లు! ఓట్లంటే ఆయనకు కొత్తా? అక్కడే, కిందనే, లావు అక్షరాల్లో 'ఇది ఓటింగు కాదు, తలలు లెక్కపెట్టం, కారణాలే చూస్తాం' అని ఉంది. కానీ కింద రాసినవి చదివే అలవాటు మాజీ గారికి ఏనాడూ లేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఉత్త గాజు జోడు తుడిచి పెట్టుకుని, ఇంటింటికీ బయలుదేరాడు. ఒకటో వార్డుతో మొదలుపెట్టాడు. ఫోన్ ఉన్నవాళ్ళ చేత ఫోన్లోనే రాయించాడు, లేనివాళ్ళను ఆటో పెట్టి ఇంటర్నెట్ షాపుకు తీసుకెళ్ళాడు.

చూస్తుండగానే చర్చ పేజీ జాతరలా నిండిపోయింది. అద్దాలక్కయ్య షాపులో కూర్చుని అక్షరాలు పెద్దవి చేసుకుని ఒక్కొక్కటే చదివేది.

మంగలి రాశాడు: 'ఉంచాలి. చాలా ఏళ్ళుగా నా దగ్గరే క్షవరం. తల మంచిది.'

బేకరీ ఆయన రాశాడు: 'ఉంచాలి. రాయకపోతే సాయంత్రం మళ్ళీ వస్తానన్నారు.'

పక్క చెప్పుల షాపాయన రాశాడు: 'ఉంచాలి. ఏం ఉంచాలో నాకు తెలియదు. ఆయన అడిగారు కాబట్టి ఉంచాలి.'

రిటైరైన పోస్టుమాన్ మాత్రం తీరిగ్గా రాశాడు: 'వీరు మేయరుగా ఉన్న అయిదేళ్ళలో మా వీధికి ఒక్కసారి కూడా రాలేదు. ఈ చర్చ మొదలయ్యాక రోజూ వస్తున్నారు, మురుగు కాలవ కూడా స్వయంగా చూశారు. కాబట్టి ఈ చర్చను ఇంకో ఏడాది పొడిగించాలని మనవి.'

అది చూసి మిగతావాళ్ళకు కొత్త దారి దొరికింది. 'ఉంచాలి. మా సందులో లైటు వెలగడం లేదు.' 'ఉంచాలి. కుక్కల బెడద ఎక్కువగా ఉంది.' 'ఉంచాలి. నీళ్ళు ఒక పూటే వస్తున్నాయి, అవీ ఎర్రగా.' ఎక్కడో ఉండి ఆ విజ్ఞాన సర్వస్వాన్ని దిద్దుకునే వాళ్ళు, 'అయ్యా, ఇది మునిసిపాలిటీ కాదు' అని మర్యాదగా రాశారు. దానికింద ఎవరో, 'అయితే ఎవరిని అడగాలి?' అని రాశారు.

వింతల్లోకెల్లా వింత, గడియారం వచ్చి 'ఉంచాలి' అని రాసిపోయాడు. 'చిన్న ఊళ్ళ మేయర్లను తొలగించడం మొదలుపెడితే ఇది ఎక్కడ ఆగుతుంది?' అని అడిగాడు. భయం ఎవరిదో చదివినవాళ్ళందరికీ తెలిసిపోయింది. మాజీ గారు మాత్రం బుర్ర గోక్కున్నాడు. "వాడు కాకపోతే మరి ఈ కుడికన్ను ఎవడే?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆవిడ అప్పుడు కంట్లో చుక్కల మందు వేసుకుంటోంది. కుడి కంట్లోనే.

అయిదో రోజున 'మూలం ఎక్కడ' అనే పేరుగల ఒకాయన చర్చలోకి వచ్చాడు. పేరుకు తగ్గ మనిషి, పాత పేపర్లు తవ్వడమే పని. ఆయన ఒక పెద్ద దినపత్రికలో వచ్చిన వార్త పట్టుకొచ్చి వ్యాసంలో చేర్చాడు. ఫొటోతో సహా అర పేజీ వార్త. 'ప్రారంభించిన టాయిలెట్లోనే ఇరుక్కున్న మేయరు.' బస్టాండు టాయిలెట్ రిబ్బను కత్తిరించాక, మొదటి వాడకం కూడా తానే చేయాలని మాజీ గారు లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాడు. గడియ ఊడి చేతికొచ్చింది, తలుపు రాలేదు. బయట బ్యాండు వాయిస్తున్నందున ఆయన అరుపులు చాలాసేపు ఎవరికీ వినపడలేదు. చివరికి ఫైరింజను వాళ్ళు వచ్చి తలుపు కోశారు. ఇదంతా ఆ వార్తలో పూసగుచ్చినట్టు ఉంది. 'ఈ ఒక్కటి మాత్రం నిజమైన స్వతంత్ర ఆధారం. ఈ స్థాయిది ఇంకొకటి దొరికితే వ్యాసం ఉంచవచ్చు' అని రాశాడు ఆ 'మూలం ఎక్కడ'.

అద్దాలక్కయ్య అనుకుంది: ఇక ఈయన సిగ్గుపడి తానే తీసేయమంటాడు, పీడ వదిలిపోతుంది. ఆవిడ లెక్క తప్పింది. మాజీ గారు ఒక పూట ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. రెండో పూటకు ముఖం విప్పారింది.

ఆరో రోజు మధ్యాహ్నం షాపుకు వచ్చి, స్టూలు లాక్కుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "ఇంకొక్క ఆధారం చాలట. ఆలోచించాను. రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి దాంట్లో ఇరుక్కుంటాను."

"దేంట్లో?"

"టాయిలెట్లోనే. గడియ ఇప్పటికీ అంతంత మాత్రమే, చూసొచ్చాను. ఈసారి విలేకరులను ముందే పిలుస్తాను. పన్నెండేళ్ళ తర్వాత అదే మేయరు, అదే టాయిలెట్! రాయకుండా ఎలా ఉంటారు?"

ఆవిడ చేతిలోని ఫ్రేము కింద పెట్టింది. మర్నాడు ఆసుపత్రి మూడో తేదీ. గోడ మీద క్యాలెండర్లో ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి ఉంది, ఆయన తల వెనకాలే. ఈ మనిషి రేపు తన చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కించడు. గడియ ఊడే టాయిలెట్లోకి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తాడు. ఆ సంగతి తలుచుకునేసరికి ఆవిడకు కోపం కూడా రాలేదు. ఏడుపొచ్చింది.

"ముందు నువ్వు ఒక పని చెయ్యి. ఊరంతా రాసింది. సొంత పెళ్ళానివి, నువ్వొక్కదానివే రాయలేదు. రేపటితో గడువు అయిపోతుంది" అన్నాడు.

"నాకు కన్ను కనపడటం లేదండీ."

"నువ్వు చెప్పు, నేను కొడతాను." అని కంప్యూటర్ ముందుకు జరిగి, చర్చ పేజీ తెరిచాడు. పైన మూలన ఖాతా పేరు కనిపించింది. ఒకసారి చదివాడు. ఆ జోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఉత్త గాజు తుడిస్తే పేరు మారుతుందా?

"నువ్వా!" అన్నాడు.

"నేనే."

"ఎందుకే? నీకేం అన్యాయం చేశాను? అయిదేళ్ళు ఊరికి సేవ చేశాను. గోడ మీంచి ఫొటో దించారు. ఇదొక్కటే మిగిలింది నాకు. దీన్ని కూడా నువ్వే, నా ఇంట్లోంచే!" అంత నొచ్చుకున్న ముఖం ఆయన ఓడిపోయిన ఎన్నికల్లో కూడా ఆవిడ చూడలేదు. జాలేసింది. అయినా ఆగలేదు.

"మార్కెట్ కప్పుకు ఎన్ని రేకులు పట్టాయి?" అని అడిగింది.

"నూట ఎనభై నాలుగు" అన్నాడు ఠక్కున.

"నా కన్ను మసకబారి ఎన్నాళ్ళయింది?"

ఆయన వెనక్కి తిరిగి గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు, ఆ ఎర్ర సున్నా వైపు. అది ఏమిటని అడగబోయి, అడగలేదు. ఆవిడ ముఖం వైపు చూశాడు. దగ్గరగా, చాలా ఏళ్ళ తర్వాత చూసినట్టు చూశాడు. కుడి కంటి నల్లగుడ్డులో పాలచుక్క వేసినట్టు తెల్లగా ఉంది.

"ఇంతైందా?" అన్నాడు.

"ఇంతైంది. డ్రైవరుకు లెన్సులు అటూ ఇటూ బిగించి ఇచ్చాను. ఆ మనిషి తల తిరిగి వచ్చి చెప్పాడు కాబట్టి సరిపోయింది. నాకు భయమేస్తోందండీ. రెండు తేదీలు పోయాయి. రేపు మూడోది. మీరు టాయిలెట్లో కూర్చుంటానంటున్నారు."

షాపు బయట ఎవరో వచ్చి, లోపలి వాళ్ళ ముఖాలు చూసి, తర్వాత వస్తామని వెళ్ళిపోయారు. మాజీ గారు చివరికి కీబోర్డు మీద రెండు వేళ్ళూ పెట్టి, "సరే, చెప్పు. నీ మాట కూడా ఉండాలి కదా. ఏం రాయమంటావు?" అన్నాడు. ఏదో ఒక మూల ఇంకా ఆశ ఉంది పాపం.

ఆవిడ ముక్కు చీది చెప్పింది. "రాయండి. నేను ఈయన భార్యను. ఈయన నాకు కావాలి. మీ దగ్గర ఉన్నంతకాలం నాకు పనికి రావడం లేదు. తొలగించి ఇంటికి పంపండి."

ఆయన కొట్టాడు. 'ఇంటికి' దగ్గర ఆగాడు.

"ఇంటికి పంపండి అనేది వాళ్ళ నియమాల ప్రకారం కారణం కిందికి రాదే" అన్నాడు మెల్లగా. "ఆధారం అడుగుతారు."

"నా కన్ను చూపించండి."

ఆయన బటన్ నొక్కాడు. లేచి, షాపు తలుపు తానే మూశాడు.

మర్నాడు బస్టాండు టాయిలెట్ దగ్గర ఇద్దరు విలేకరులు ఎండలో నిలబడి నిలబడి వెళ్ళిపోయారు. ఆ వేళకు మాజీ గారు ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లు ఎక్కుతున్నాడు. "చూసుకో, మెట్టుంది", "ఇంకో మెట్టుంది" అని ప్రతి మెట్టుకూ చెబుతున్నాడు, మెట్లను కూడా తానే కట్టించినట్టు. అద్దాలక్కయ్యకు ఎడమ కన్ను బాగానే కనపడుతోంది. అయినా ఆ చెయ్యి వదల్లేదు.

ఆపరేషన్ అయ్యాక కంటికి కట్టుతో బయటికి తీసుకొచ్చారు. ఆయన వరండా బెంచీ మీద ఫోన్ చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"తీసేశారు" అన్నాడు.

"నాక్కూడా" అంది ఆవిడ.

చర్చను ముగించిన నిర్వాహకుడి మాటలు ఆయనే చదివి వినిపించాడు. 'ఉంచాలి అని రాసినవారు చాలామందే ఉన్నా, ఒక్కరూ తగిన ఆధారం చూపలేదు. ప్రతిపాదించినావిడ ఆ వ్యక్తి భార్యనని స్వయంగా చెప్పుకున్నందున ఆమె మాటను కూడా లెక్కలోకి తీసుకోలేదు. వ్యాసాన్ని తొలగించి, ఊరి మేయర్ల పట్టికలో ఒక వరుసగా ఉంచడమైనది. వీధి లైట్ల గురించి దయచేసి ఇక్కడ రాయవద్దు.'

"ఒక వరుస" అన్నాడు మాజీ గారు. "పేరు, పదవీకాలం. అంతే." ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "టాయిలెట్ కూడా పోయిందిలే" అన్నాడు. బాధగానే అన్నాడు. అందులో కాస్త ఊరట లేకపోలేదు.

నెల రోజులు ఆయనే షాపు నడిపాడు. నడిపాడంటే, ఆవిడ రాయి ముట్టుకోకుండా మూలన కుర్చీలో కూర్చుని చెబుతుంటే, ఆయన చేశాడు. మొదటి వారం మూడు ఫ్రేములు విరిచాడు. రెండో వారానికి జనం గడ్డాలు పట్టుకుని, "కదలొద్దన్నానా!" అని కసరడం వచ్చేసింది. ఎన్నికల్లో కూడా ఆయన ఇంతమంది ముఖాలు ఇంత దగ్గరగా చూసి ఉండడు. రిటైరైన పోస్టుమాన్ కళ్ళు చూపించుకోవడానికి వచ్చి, మురుగు కాలవ సంగతి మళ్ళీ ఎత్తాడు. మాజీ గారు అట్టడుగు వరుస చదవమన్నాడు.

కన్ను కుదుటపడ్డాక ఒక మధ్యాహ్నం అద్దాలక్కయ్య కంప్యూటర్ ముందు కూర్చుంది. అక్షరాలు పెద్దవి చేయాల్సిన పనిలేదు, అంత తేటగా కనపడుతున్నాయి. మేయర్ల పట్టిక తెరిచింది. మొగుడి వరుస చూసుకుంది. దాని కింద వరుసలో గడియారం పేరు మీద నొక్కి ఆయన వ్యాసం తెరిచింది. దాని నెత్తిన ఎర్ర పట్టీ ఉంది. 'ఈయన ఒక చిన్న ఊరికి ఒకసారి మేయరుగా చేశారు. చూపించిన ఆధారాలన్నీ ఆయనే రాసి పేపర్లకు పంపిన ప్రకటనలు. తొలగించగలరు.' కింద ప్రతిపాదించిన వారి పేరు చూసింది. 'ఎడమకన్ను.'

ఆవిడకు నవ్వు ఆగలేదు. డాక్టరు గట్టిగా నవ్వొద్దన్నాడని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. నాలుగు నెలల తర్వాతి పేజీ మడిచి పిన్ను పెట్టి ఉంది. పిన్ను తీసి చూస్తే అందులో ఒక తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. ఆ సున్నా తను చుట్టింది కాదు.

"ఏమండీ" అని పిలిచింది. "ఎవరండీ ఈ ఎడమకన్ను?"

మాజీ గారు బస్సు డ్రైవరు కొత్త జోడును కిటికీ వైపు పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. తల తిప్పలేదు.

"ఎవరో కంటి బాధ ఉన్నవాళ్ళు అయ్యుంటారు" అన్నాడు. "ముందు ఇది చూడు, కుడిది కుడి వైపే ఉందా?"